ప్రోటోకాల్ బఫర్స్: ఇన్‌స్టలేషన్, నిర్వహణ (ఉత్తరాంధ్ర ఉదాహరణలతో)

ప్రోటోకాల్ బఫర్స్ అనేది గూగుల్ సంస్థ రూపొందించిన బహుభాషా డేటా సీరియలైజేషన్ వ్యవస్థ. వాడుకలో దీన్ని ప్రోటోబఫ్ అంటారు. జావాలో రాసిన సర్వరు, పైథాన్‌లో రాసిన విశ్లేషణ ప్రోగ్రాం, కోట్లిన్‌లో రాసిన ఫోన్ యాప్ ఒకే రికార్డును ఒకే అర్థంతో చదువుకోవడానికి ఇది వీలు కల్పిస్తుంది. రికార్డు ఆకృతిని ముందుగా ఒక స్కీమా ఫైలులో రాస్తారు. కంపైలర్ ఆ ఫైలును చదివి ప్రతి భాషకూ కావలసిన కోడును తయారుచేస్తుంది. ఆ కోడు రన్‌టైమ్ లైబ్రరీ సాయంతో రికార్డును బైట్లుగా మారుస్తుంది, బైట్ల నుంచి తిరిగి రికార్డును నిర్మిస్తుంది.

ఈ వ్యాసం లైబ్రరీ ఇన్‌స్టలేషన్‌ను, తర్వాతి నిర్వహణను వివరిస్తుంది. ఉదాహరణలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందినవి. ఈ ప్రాంతంలో జిల్లాల సరిహద్దులు పలుమార్లు మారాయి, ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో ఉంటాయి, తుఫానుల వల్ల నెట్‌వర్కు తెగిపోతుంది. స్కీమా నిర్వహణలో వచ్చే ప్రధాన సమస్యలన్నీ ఈ మూడింటి ద్వారా వివరించవచ్చు.

పరిధి

సీరియలైజేషన్ అంటే ప్రోగ్రాం జ్ఞాపకంలో ఉన్న రికార్డును నిల్వకూ, ప్రసారానికీ అనువైన బైట్ల వరుసగా మార్చడం. ఒక్క భాషకే పరిమితమైన పద్ధతులు కూడా ఉన్నాయి. పైథాన్‌లోని పికిల్, జావా సొంత ఆబ్జెక్ట్ సీరియలైజేషన్ అటువంటివి. ఆ బైట్లను వేరే భాషలో చదవడం కష్టం. బయటినుంచి వచ్చిన డేటాను వాటితో చదివించడం ప్రమాదకరం కూడా. బహుభాషా లైబ్రరీలో బైట్ల అమరిక ఏ భాషకూ చెందదు. దాన్ని వైర్ ఫార్మాట్ అంటారు. ఫార్మాట్ స్థిరంగా ఉన్నంతకాలం భాషలు, ప్రాసెసర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారినా డేటా చదవగలిగే స్థితిలోనే ఉంటుంది.

చరిత్ర

యంత్రాల మధ్య డేటా మార్పిడికి ప్రామాణిక రూపాలు 1980లలోనే వచ్చాయి. టెలికాం రంగంలో 1984లో వచ్చిన ఏఎస్ఎన్.1 నేటికీ మొబైల్ నెట్‌వర్కుల్లో, వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లలో నడుస్తోంది. సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన ఎక్స్‌డీఆర్ 1987లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడింది. 1998లో ఎక్స్ఎమ్ఎల్, ఆ తర్వాత జేసన్ వ్యాపించాయి. మనిషి కంటితో చదవగలగడం ఈ రెండింటి బలం. పరిమాణం పెద్దదవడం, అంకెలను పదేపదే పాఠంగా మార్చవలసి రావడం వాటి బలహీనత.

గూగుల్‌లో ప్రోటోబఫ్ పని 2001 తొలినాళ్లలో మొదలైంది. సంస్థ లోపల కొన్నేళ్లు వాడాక, 2008 జులైలో దాని రెండో రూపం ప్రోటో2ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ప్రోటో3 స్థిరమైన విడుదల 2016లో వచ్చింది. 2024లో ఎడిషన్స్ అనే పద్ధతి మొదలైంది. దీంతో ప్రోటో2, ప్రోటో3 అనే రెండు వేర్వేరు వ్యాకరణాల స్థానంలో, సంవత్సరం పేరుతో ఉండే ఎడిషన్, దానిలో విడివిడిగా ఎంచుకునే లక్షణాలు వచ్చాయి. బైట్ల అమరిక మాత్రం ఈ మార్పులన్నిటిలోనూ మారలేదు. 2008 నాటి ఫైలును నేటి లైబ్రరీ చదవగలగడానికి కారణం అదే.

రకాలు

ఈ తరహా లైబ్రరీలను స్కీమా ఎక్కడ ఉంటుందనే దాన్నిబట్టి విడదీయడం ఉపయోగకరం. ప్రోటోబఫ్‌లో, 2007లో ఫేస్‌బుక్ విడుదల చేసి తర్వాత అపాచీకి అప్పగించిన థ్రిఫ్ట్‌లో, స్కీమా విడి ఫైలులో ఉంటుంది, కోడు ముందే తయారవుతుంది. 2009లో హడూప్ ప్రాజెక్టులో భాగంగా వచ్చిన అవ్రో తన స్కీమాను డేటా ఫైలులోనే పెడుతుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉంచే పెద్ద ఫైళ్లకు అది అనువు. మెసేజ్‌ప్యాక్, సీబోర్ ఫార్మాట్లకు స్కీమా అక్కర్లేదు. అవి జేసన్‌ను బైట్ల రూపంలోకి కుదించినట్టు పనిచేస్తాయి. ఫ్లాట్‌బఫర్స్, క్యాప్న్ ప్రోటో రికార్డును విప్పకుండానే బైట్ల నుంచి నేరుగా చదువుతాయి.

వాతావరణ శాఖలు పరిశీలనల మార్పిడికి వాడే బఫర్ అనే ఫార్మాట్ వీటికి దూరపు బంధువు. దాన్ని ప్రపంచ వాతావరణ సంస్థ నిర్వహిస్తుంది. అందులో స్కీమా పాత్రను అంతర్జాతీయంగా ఒప్పుకున్న పట్టికలు పోషిస్తాయి. పేరు దగ్గరగా ఉన్నా దానికీ ప్రోటోకాల్ బఫర్స్‌కూ సంబంధం లేదు.

పనితీరు

ప్రతి ఫీల్డుకూ స్కీమాలో ఒక పేరు, ఒక రకం, ఒక నంబరు ఉంటాయి. బైట్లలోకి వెళ్లేది నంబరే, పేరు వెళ్లదు. మండలం అనే సందేశంలో (స్కీమాలో రాసిన రికార్డు ఆకృతిని సందేశం అంటారు) 1వ ఫీల్డు పేరు అనీ, 2వ ఫీల్డు 2011 జనగణన జిల్లా కోడ్ అనీ అనుకుందాం. ఆ జనగణనలో శ్రీకాకుళం కోడ్ 542, విజయనగరం కోడ్ 543.

రాజాం మండలం రికార్డు ఇలా తయారవుతుంది. మొదటి బైటు 10. ఇది 1వ ఫీల్డు, పొడవు చెప్పే రకం అని తెలుపుతుంది. రెండో బైటు 15, అంటే వచ్చే పాఠం 15 బైట్లు. రాజాం అనే మాటలో అయిదు యూనికోడ్ సంకేతాలున్నాయి, ఒక్కొక్కటి మూడు బైట్లు. ఆ 15 బైట్ల తర్వాత 16 అనే బైటు వస్తుంది. ఇది 2వ ఫీల్డు, పూర్ణాంకం అని అర్థం. చివర 542 రెండు బైట్లుగా, 158, 4 అని నమోదవుతుంది. నాలుగు 128లు, పైన 30 కలిస్తే 542. చిన్న భాగమైన 30 ముందు వస్తుంది. ఇంకా బైట్లున్నాయని తెలపడానికి దానికి 128 కలుపుతారు. ఈ పద్ధతి పేరు వేరింట్. దీనివల్ల చిన్న సంఖ్య తక్కువ బైట్లలో, పెద్ద సంఖ్య ఎక్కువ బైట్లలో ఇముడుతుంది.

మొత్తం 20 బైట్లు. ఇదే రికార్డును ఖాళీలు లేని జేసన్‌గా, నేమ్, డిస్ట్రిక్ట్ అనే ఆంగ్ల ఫీల్డు పేర్లతో రాస్తే 41 బైట్లు అవుతుంది. తెలుగు సంకేతాలను ఎస్కేప్ రూపంలో రాసే లైబ్రరీలు ఒక్కో సంకేతానికి ఆరు బైట్లు వాడతాయి కాబట్టి అదే రికార్డు 56 బైట్లకు చేరుతుంది.

1 నుంచి 15 వరకు ఉన్న ఫీల్డు నంబర్లకు ఒక్క బైటు చాలు, 16 నుంచి కనీసం రెండు కావాలి. తరచుగా నిండే ఫీల్డులకు చిన్న నంబర్లు ఇవ్వడం అందుకే ఆనవాయితీ. గరిష్ఠ నంబరు 53,68,70,911. 19000 నుంచి 19999 వరకు లైబ్రరీ తన కోసం ఉంచుకుంది. రుణ సంఖ్యల విషయంలో జాగ్రత్త అవసరం. సాధారణ పూర్ణాంక రకంలో మైనస్ 1 పది బైట్లు తింటుంది. జిగ్‌జాగ్ పద్ధతి వాడే ఎస్‌ఇంట్ రకంలో అదే ఒక్క బైటులో ఇముడుతుంది. నాగావళి నీటిమట్టం గంట గంటకూ ఎంత పెరిగిందీ తగ్గిందీ నమోదు చేసే ఫీల్డుకు రెండో రకమే సరైనది.

తెలుగు పాఠం

స్ట్రింగ్ ఫీల్డులోని పాఠం యూటీఎఫ్-8లో ఉండి తీరాలి. తెలుగు యూనికోడ్ సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. శ్రీకాకుళం అనే మాటలో పది సంకేతాలు, 30 బైట్లు. విజయనగరం ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. డేటాబేస్ కాలమ్‌కు లేదా ఎస్సెమ్మెస్‌కు పొడవు పరిమితి పెట్టేటప్పుడు కంటికి కనబడే అక్షరాలను లెక్కించకూడదు. బైట్లనే లెక్కించాలి. పరిమితి దగ్గర పాఠాన్ని గుడ్డిగా కోస్తే సంకేతం మధ్యలో తెగుతుంది. అప్పుడు ఆ స్ట్రింగ్ చెల్లని యూటీఎఫ్-8 అవుతుంది, ప్రోటో3లో రికార్డు మొత్తాన్నీ చదివే ప్రోగ్రాం తిరస్కరిస్తుంది.

ఇంతకన్నా కనిపెట్టడం కష్టమైన సమస్య ఐత్వం దగ్గర వస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. శ్రీకాకుళం జిల్లాలోని పైడిభీమవరం పేరును ఒక ప్రోగ్రాం మొదటి పద్ధతిలో, మరొకటి రెండో పద్ధతిలో రాస్తే తెరమీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. బైట్లు వేరు, వెతుకులాటలో పొంతన కుదరదు. ప్రోటోబఫ్ ఈ రెంటినీ ఒక్కటి చేయదు. సీరియలైజ్ చేసే ముందే ప్రోగ్రాం పాఠాన్ని ఎన్ఎఫ్‌సీ అనే ఏకరూపానికి మార్చుకోవాలి. అక్షరాలు అతుక్కోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఇటువంటిదే. అది కనబడదు, కానీ మూడు బైట్లు తీసుకుంటుంది.

ఇన్‌స్టలేషన్

ఇన్‌స్టలేషన్‌లో రెండు భాగాలు విడిగా ఉంటాయి, మొదటిసారి వచ్చేవారిని తికమక పెట్టేది ఇదే. మొదటిది ప్రోటోక్ అనే కంపైలర్. ఇది అభివృద్ధి చేసే యంత్రం మీద ఉంటే చాలు. రెండోది రన్‌టైమ్ లైబ్రరీ. ఇది ప్రోగ్రాం నడిచే ప్రతి యంత్రం మీదా, ఆ ప్రోగ్రాం భాషకు తగినది ఉండాలి.

కంపైలర్‌ను ఉబుంటు, డెబియన్‌లలో ఏపీటీ ద్వారా ప్రోటోబఫ్-కంపైలర్ అనే ప్యాకేజీగా, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారా పొందవచ్చు. విండోస్‌లో గిట్‌హబ్ విడుదలల పేజీలో దొరికే జిప్ ఫైలును విప్పి, దాని బిన్ ఫోల్డరును పాత్ వేరియబుల్‌లో చేర్చాలి. రన్‌టైమ్‌ను పైథాన్‌కు పిప్ ద్వారా, జావాకు మావెన్ లేదా గ్రేడిల్ ద్వారా, సీ షార్ప్‌కు నూగెట్ ద్వారా తెచ్చుకుంటారు. గో భాషకు కోడు తయారుచేసే ప్లగిన్ విడిగా ఉంటుంది, దాన్ని గో ఇన్‌స్టాల్ ఆదేశంతో తెచ్చుకోవాలి. సీ++కు సోర్సు నుంచి నిర్మించుకునేవారు సీమేక్ లేదా బేజెల్ వాడాలి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 22.0 వర్షన్ నుంచి పాత ఆటోటూల్స్ పద్ధతిని తీసేశారు, అబ్సీల్ అనే మరో గూగుల్ లైబ్రరీ తప్పనిసరైంది. పాత పాఠాల్లో కనిపించే కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ వరుస నేటి వర్షన్లకు పనిచేయదు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదట చేయవలసిన పరీక్ష ప్రోటోక్ వర్షన్ అడగడం. రెండోది రన్‌టైమ్ వర్షన్ అడగడం. ఈ రెండు సంఖ్యలనూ ప్రాజెక్టులో రాసి ఉంచాలి. వాటి ప్రాముఖ్యం తర్వాతి శీర్షికలో తెలుస్తుంది.

వర్షన్ల పొంతన

2022 వరకు వర్షన్ సంఖ్య అన్ని భాషలకూ ఒక్కటే. 3.20 తర్వాత పద్ధతి మారింది. కంపైలర్ 21.0గా మొదలై ముందుకు సాగుతుంది, ప్రతి భాషా రన్‌టైమ్‌కూ ఆ సంఖ్యకు ముందు తనదైన ప్రధాన సంఖ్య చేరుతుంది. పైథాన్ 5.26.1 అంటే కంపైలర్ 26.1కి జోడీ. అదే జావాలో 4.26.1. ఈ తేడా తెలియనివారికి పైథాన్ 5, జావా 4 అని చూసి రెండూ పొసగవేమో అనిపిస్తుంది. చూడవలసింది చివరి రెండు సంఖ్యలను.

నియమం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: తయారైన కోడు కన్నా రన్‌టైమ్ పాతది కాకూడదు. రన్‌టైమ్ సమానమైన వర్షన్ గానీ కొత్తది గానీ అయితే సాధారణంగా నడుస్తుంది, ఒక ప్రధాన వర్షన్ తేడా వరకు హామీ ఉంది. సీ++లో ఈ వెసులుబాటు లేదు, రెండూ సరిగ్గా ఒకే వర్షన్ కావాలి.

దీన్ని మీరితే ఏమవుతుందో 2022లో చాలామంది చూశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో ఏపీటీ ఇచ్చే కంపైలర్ 3.12.4. మే నెలలో పైథాన్ రన్‌టైమ్ 4.21 విడుదలైంది. అది 3.19కి ముందరి కంపైలర్ తయారుచేసిన పైథాన్ కోడును ఒప్పుకోదు. కంపైలర్‌ను ఏపీటీ నుంచి, రన్‌టైమ్‌ను వర్షన్ చెప్పకుండా పిప్ నుంచి తెచ్చుకున్నవారి ప్రోగ్రాములు ఇంపోర్టు దగ్గరే ఆగాయి. డిస్క్రిప్టర్లను నేరుగా సృష్టించడం కుదరదనే అర్థం వచ్చే ఎర్రరు తెరమీద పడింది. ప్రోటోబఫ్ పేరే వినని విద్యార్థులకు కూడా ఇది ఎదురైంది, ఎందుకంటే టెన్సర్‌ఫ్లో వంటి ప్యాకేజీలు లోపల దాన్నే వాడతాయి. సరైన పరిష్కారం కొత్త కంపైలర్‌తో కోడును తిరిగి తయారుచేయడం. అది చేతిలో లేనప్పుడు రన్‌టైమ్‌ను 3.20 వరుసకు దించారు. పర్యావరణ వేరియబుల్ ద్వారా శుద్ధ పైథాన్ అమలుకు మారడం మూడో దారి. అది పనిచేస్తుంది గాని వేగం బాగా తగ్గుతుంది, శాశ్వతంగా వదిలేయదగినది కాదు.

దీని నుంచి వచ్చిన నిర్వహణ పద్ధతి స్పష్టం. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో గానీ లాక్ ఫైలులో గానీ రన్‌టైమ్ వర్షన్‌ను బిగించాలి. కంపైలర్ వర్షన్‌ను బిల్డ్ స్క్రిప్టులో బిగించాలి. రెండింటినీ ఒకేసారి, ఒకే మార్పుగా పెంచాలి. పంపిణీలోని ప్యాకేజీ మీద ఆధారపడేవారు ఉబుంటు 24.04లో కూడా కంపైలర్ 3.21.12 దగ్గరే ఉందని గమనించాలి.

స్కీమా పరిణామం

లైబ్రరీ నిర్వహణలో అత్యధిక శ్రద్ధ కోరేది స్కీమా. తప్పు ప్యాకేజీని తీసేసి సరైనది పెట్టుకోవచ్చు. తప్పు ఫీల్డు నంబరుతో రాసి నిల్వ చేసిన డేటాను సరిచేయడానికి మాత్రం ఆ డేటా ఉన్న ప్రతి చోటికీ వెళ్లాలి.

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి ఏర్పడింది. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో విజయనగరం జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, పార్వతీపురం మన్యం జిల్లా పుట్టింది. శ్రీకాకుళంలోని 38 మండలాల్లో పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యానికి వెళ్లాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. శ్రీకాకుళానికి 30 మిగిలాయి. విజయనగరం తన 34లో 11 మన్యానికి ఇచ్చి, నాలుగు తీసుకుని 27 మండలాల జిల్లా అయింది.

పై ఉదాహరణలోని రాజాం రికార్డును ఈ మార్పుకు సరిదిద్దడం చాలా తేలికగా కనిపిస్తుంది. 542 స్థానంలో 543 రాయాలి, అంటే 20 బైట్లలో ఒక్క బైటు 158 నుంచి 159కి మారుతుంది. కానీ ఆ ఫీల్డు అర్థం 2011 జనగణన కోడ్. ఆ జనగణనలో రాజాం లెక్కలు 542 కిందే ఉన్నాయి. 543 అని మారిస్తే పాత జనాభా లెక్కలతో కలిపే ప్రోగ్రాం విజయనగరంలో రాజాం కోసం వెతుకుతుంది, దొరకదు. పాలకొండ విషయంలో చిక్కు ఇంకా ముదురుతుంది. పార్వతీపురం మన్యానికి 2011 జనగణన కోడే లేదు, ఎందుకంటే అప్పటికి ఆ జిల్లా లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు వేరే కోడ్లున్నాయి. రెండు కోడ్ల వ్యవస్థలనూ ఒకే పూర్ణాంక ఫీల్డులో కలిపితే ఏ సంఖ్య ఏ వ్యవస్థదో బైట్ల నుంచి ఎవరూ చెప్పలేరు.

ప్రోటోబఫ్ పద్ధతిలో సరైన మార్పు ఇది. 2వ ఫీల్డును తాకకూడదు, దాని అర్థం 2011 కోడ్‌గానే నిలవాలి. 3వ ఫీల్డుగా ప్రస్తుత డైరెక్టరీ కోడును, 4వ ఫీల్డుగా ఆ కోడు అమల్లోకి వచ్చిన తేదీని చేర్చాలి. పాత ప్రోగ్రాం కొత్త రికార్డును చదివితే 3, 4 ఫీల్డులను తెలియనివిగా దాటిపోతుంది, మిగతాది సవ్యంగా చదువుతుంది. కొత్త ప్రోగ్రాం పాత రికార్డును చదివితే 3, 4 ఖాళీగా కనిపిస్తాయి. పాత ప్రోగ్రాం తనకు తెలియని ఫీల్డులను పారేయకుండా తిరిగి రాసేటప్పుడు యథాతథంగా చేరవేస్తుంది. ప్రోటో3 తొలి విడుదలల్లో ఇవి రాలిపోయేవి, 2017లో వచ్చిన 3.5 నుంచి నిలుస్తున్నాయి.

ఒక ఫీల్డు అవసరం తీరిపోతే దాన్ని చెరిపి ఊరుకోకూడదు. దాని నంబరును, పేరును రిజర్వ్‌డ్ అని ప్రకటించాలి. అప్పుడు మరెవరైనా ఆ నంబరును వాడబోతే కంపైలర్ అడ్డుకుంటుంది. జిల్లాలను ఎన్యూమ్‌గా రాసేటప్పుడు కూడా ఇదే నియమం. సున్నా విలువను తెలియదు అనే అర్థానికి కేటాయించాలి. రద్దయిన జిల్లా నంబరును కొత్త జిల్లాకు ఇవ్వకూడదు.

రకం మార్పు మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రరు రాదు. 2వ ఫీల్డు రకాన్ని ఇంట్32 నుంచి ఎస్‌ఇంట్32కి మారిస్తే పాత డేటాలోని 542 కొత్త ప్రోగ్రాంకు 271గా, 543 మైనస్ 272గా కనిపిస్తుంది. బైట్లు చెల్లుతాయి, సంఖ్య తప్పు. ఇటువంటి మార్పులను పాత స్కీమాతో పోల్చి పట్టుకునే బఫ్ వంటి విడి పరికరాలున్నాయి. వాటిని కోడు విలీనానికి ముందే నడపాలి. ఫీల్డు పేరు మార్చడం బైట్ల రూపంలో ప్రభావం చూపదు, అదే సందేశాన్ని జేసన్‌గా కూడా పంపేచోట మాత్రం చూపుతుంది.

కొలమానం కూడా బైట్లలోకి వెళ్లదు. వంశధార మీద హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ నుంచి విడిచే నీటిని ఒకరు క్యూసెక్కుల్లో, ఇంకొకరు క్యూమెక్కుల్లో ఒకే ఫీల్డులో రాస్తే దాదాపు 35 రెట్ల తేడా వస్తుంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టి వస్తాయి కాబట్టి ఇటువంటి డేటాను రెండు రాష్ట్రాల వ్యవస్థలు చదవవలసి ఉంటుంది. ఫీల్డు పేరులోనే కొలమానాన్ని చేర్చడం దీనికి సులువైన రక్షణ.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పీబీఎఫ్

ఈ రెండు జిల్లాల సమాచారం ప్రోటోబఫ్ రూపంలో ఎవరైనా దించుకుని చూడగలిగే చోటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాని డేటాను పీబీఎఫ్ అనే ఫైళ్లలో పంచుతారు. 2010లో వచ్చిన ఈ ఫార్మాట్‌కు ప్రోటోబఫ్ ఆధారం. జర్మనీకి చెందిన జియోఫాబ్రిక్ సంస్థ ఇచ్చే భారత దక్షిణ మండలం ఫైలులో ఆంధ్రప్రదేశ్ భాగం. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న రోడ్లు, చెరువులు, ఊళ్లు అందులో ఉంటాయి.

అక్షాంశ, రేఖాంశాలను డిగ్రీలో కోటో వంతు ప్రమాణంలో పూర్ణాంకాలుగా రాస్తారు. అంటే నేలమీద సుమారు ఒక సెంటీమీటరు. శ్రీకాకుళం పట్టణపు అక్షాంశం దాదాపు 18.3 డిగ్రీలు, కాబట్టి సుమారు 18,30,00,000. జిగ్‌జాగ్ వేరింట్‌లో ఇది అయిదు బైట్లు. కానీ ప్రతి బిందువుకూ పూర్తి సంఖ్య రాయరు, ముందరి బిందువుతో తేడానే రాస్తారు. ఉత్తర దక్షిణ దిశలో తేడా సుమారు 90 మీటర్ల లోపు ఉంటే రెండు బైట్లు చాలు. ఊళ్ల పేర్లను ఒక్కో బ్లాకుకు ఒక పట్టికలో పెట్టి, వాడే చోట వరుస సంఖ్యను మాత్రమే రాస్తారు. ఒక్కో బ్లాకును విడిగా జిలిబ్‌తో కుదిస్తారు. కుదించక ముందు బ్లాకు పరిమాణం 32 మెబిబైట్లు మించకూడదు. ఇంత పెద్ద ఫైలును ఒకే సందేశంగా కాక బ్లాకులుగా విడగొట్టడానికి కారణం ప్రోటోబఫ్ సందేశాన్ని మొత్తంగా జ్ఞాపకంలోకి తెచ్చుకోవలసి రావడం. (చూ. పరిమితులు.)

ఆస్మియం అనే పరికరంతో ఈ ఫైలు నుంచి జిల్లా సరిహద్దు లోపలి భాగాన్ని వేరుచేయవచ్చు. ఎచ్చెర్లలోని రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, రాజాంలో 1997లో మొదలైన జీఎమ్మార్ సాంకేతిక సంస్థ, టెక్కలిలో 2001లో ప్రారంభమైన ఆదిత్య సాంకేతిక సంస్థ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ, ఎంవీజీఆర్ కళాశాల ఉన్న ఈ ప్రాంతంలో ప్రయోగశాల అభ్యాసానికి ఇంతకన్నా దగ్గరి డేటా దొరకదు. విద్యార్థి తన ఊరి చెరువును తానే బైట్ల నుంచి విప్పి చూడవచ్చు.

నెట్‌వర్కు లేని పరిస్థితి

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కరెంటు, ఫోన్ సేవలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. ఇటువంటి ప్రాంతంలో పనిచేసే ఫోన్ యాప్ డేటాను లోపలే దాచుకుని, సిగ్నల్ వచ్చాక పంపాలి. అందుకని సర్వరుకు చేరే సందేశం అది రాసిన నాటి స్కీమాతో ఉంటుంది, ఈలోగా సర్వరు కొత్త స్కీమాకు మారి ఉండవచ్చు. సర్వరును ముందు, ఫోన్లను తర్వాత మార్చడం, పాత స్కీమా సందేశాల నమూనాలను దాచి ప్రతి విడుదలకూ వాటిని చదివించి పరీక్షించడం ఇక్కడ తప్పనిసరి పద్ధతులు.

ఇన్‌స్టలేషన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. కనెక్షన్ ఉన్న యంత్రం మీద పిప్ డౌన్‌లోడ్ ఆదేశంతో వీల్ అనే పైథాన్ ప్యాకేజీ ఫైళ్లను ఒక ఫోల్డరులోకి తెచ్చి, పెన్ డ్రైవ్ ద్వారా ప్రయోగశాలకు చేర్చి, ఇండెక్సును వెతకవద్దని చెప్పి ఆ ఫోల్డరు నుంచే ఇన్‌స్టాల్ చేయవచ్చు. వీల్ ఫైళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ప్రాసెసర్ రకాన్నీ బట్టి మారతాయి కాబట్టి తెచ్చే యంత్రం, వాడే యంత్రం ఒకే రకంవి కావాలి, లేదా లక్ష్య వేదికను ఆదేశంలో చెప్పాలి. కంపైలర్ జిప్ ఫైలును కూడా అదే ఫోల్డరులో ఉంచితే వర్షన్లు జతగా ఉంటాయి.

భద్రత

బయటి నుంచి వచ్చే బైట్లను నమ్మకూడదు. సందేశంలో సందేశం, దానిలో మరో సందేశం ఇలా లోతుగా పేర్చి పంపితే చదివే ప్రోగ్రాం స్టాక్ నిండి కూలిపోవచ్చు. దీన్ని ఆపడానికి లైబ్రరీలో సాధారణంగా 100 అంతరాల పరిమితి ఉంది. అయినా లోపాలు బయటపడ్డాయి. జావా రన్‌టైమ్‌లో 2024లో వెల్లడైన సీవీఈ-2024-7254 ఈ కోవదే, దాన్ని 3.25.5, 4.27.5, 4.28.2 వర్షన్లలో సరిచేశారు. శుద్ధ పైథాన్ అమలులో 2025లో ఇటువంటి లోపమే, సీవీఈ-2025-4565, వెల్లడైంది. 4.25.8, 5.29.5, 6.31.1 వర్షన్లు దానికి మందు. వర్షన్‌ను బిగించి ఉంచడమంటే ఏళ్ల తరబడి కదపకుండా ఉండడం కాదు. అదే వరుసలోని చిన్న సవరణలను తీసుకోవడం వల్ల తయారైన కోడు సాధారణంగా మార్చనక్కర్లేదు, కాబట్టి వాటిని ఆలస్యం చేయడానికి కారణం లేదు.

పరిమితులు

ఒక సందేశం రెండు గిబిబైట్లు దాటకూడదు, ఆచరణలో కొన్ని మెగాబైట్లు దాటకుండా చూడటం మేలు. స్కీమా లేకుండా బైట్లను చూస్తే ఫీల్డు నంబర్లు తప్ప అర్థం తెలియదు. అందువల్ల డేటాతో పాటు స్కీమా ఫైలును కూడా భద్రపరచాలి. ఒకే రికార్డును రెండు భాషలు లేదా రెండు వర్షన్లు వేర్వేరు బైట్లుగా రాయవచ్చు, అది దోషం కాదు. కనుక సీరియలైజ్ చేసిన బైట్ల మీద హ్యాష్ తీసి రెండు రికార్డులు సమానమని నిర్ణయించకూడదు. పెద్ద సంఖ్యా పట్టికల విశ్లేషణకు వరుసల వారీ రూపమైన ప్రోటోబఫ్ కన్నా నిలువు కాలమ్‌ల వారీగా దాచే పార్కే, యారో వంటివి వేగంగా ఉంటాయి. జనగణన పట్టికలు ఈ రెండో కోవకే చెందుతాయి. మండలాల రికార్డులను యాప్‌కు, సర్వరుకు మధ్య పంపడానికి ప్రోటోబఫ్, వాటి మీద లెక్కలు కట్టడానికి కాలమ్ రూపం, ఇలా రెండింటినీ పక్కపక్కన వాడే వ్యవస్థలు సర్వసాధారణం.